చైనా ఆటోమేటిక్ కారు కొంటున్నారా? హైదరాబాద్‌లో ముందు చూడాల్సింది గేర్‌బాక్స్

మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి, ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చేవాళ్లకు ఇప్పుడు క్లచ్ తొక్కే ఓపిక లేదు. ఐకియా సర్కిల్ దగ్గర సాయంత్రం ఏడింటికి ఓ పది నిమిషాలు నిలబడితే ఎవరికైనా అర్థమవుతుంది. ఆటోమేటిక్ కావాలని నిర్ణయించుకుని షోరూములు తిరగడం మొదలుపెట్టగానే చైనా మూలాలున్న కార్లు కళ్లకు కడతాయి. వేరే కంపెనీ చిన్న కారు ఇచ్చే డబ్బుకు వీళ్లు పెద్ద కారు, పెద్ద తెర, పెద్ద అద్దాల కప్పు ఇస్తారు. ఆ మాట నిజమే, అందులో మోసం లేదు. కానీ నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లలో తెర ఎన్ని అంగుళాలో చెప్పగలిగినవాళ్లకు కూడా లోపల ఉన్నది ఏ రకం గేర్‌బాక్సో తెలియదు. ఐదేళ్ల తర్వాత జేబుకు తగిలే దెబ్బ తెర వల్ల రాదు, గేర్‌బాక్స్ వల్ల వస్తుంది. అందుకే కంపెనీ పేరు తర్వాత చూద్దాం, ముందు గేర్‌బాక్స్ సంగతి మాట్లాడుకుందాం.

ముందుగా, మన దగ్గర చైనా కార్లంటే ఏవి? ఎంజీ పేరు బ్రిటన్‌ది, కానీ కంపెనీ షాంఘైకి చెందిన సాయిక్‌ది. 2019లో హెక్టర్‌తో ఇక్కడికి వచ్చింది. గుజరాత్‌లోని హాలోల్‌లో, ఒకప్పటి జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో కార్లు తయారు చేస్తోంది. తర్వాత జేఎస్‌డబ్ల్యూ గ్రూపు వాటా తీసుకోవడంతో ఇప్పుడది జేఎస్‌డబ్ల్యూ ఎంజీ. హెక్టర్ చైనాలో బావోజున్ 530, గ్లోస్టర్ మాక్సస్ డీ90, విండ్సర్, కామెట్ వూలింగ్ కార్లు. రెండోది బీవైడీ, అన్నీ ఎలక్ట్రిక్. వోల్వో కూడా 2010 నుంచి చైనా గీలీ చేతిలోనే ఉంది కానీ ఆ ధరల్లో కొనేవాళ్ల లెక్కలు వేరు, దాన్ని ఇక్కడ పక్కన పెడుతున్నాను.

బీవైడీ టెక్నాలజీ హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. 2019 నుంచి ఎయిర్‌పోర్టుకు తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ పుష్పక్ బస్సులు మన మేఘా గ్రూపు కంపెనీ ఒలెక్ట్రా, బీవైడీ సాంకేతికతతో చేసినవే. శంషాబాద్ ఫ్లైట్ కోసం వాటిలో ఎక్కిన ప్రతివాడూ చైనా ఎలక్ట్రిక్ బండిలో ప్రయాణం చేసినవాడే.

ఏ పెట్టెలో ఏముంది

ఆటోమేటిక్ అన్నది ఒకే వస్తువు కాదు. ఈ కార్లలో కనిపించేవి నాలుగు రకాలు. మన ట్రాఫిక్‌లో ఒక్కోటి ఒక్కోలా నడుచుకుంటుంది.

డీసీటీలో (డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్) రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి 1, 3, 5 గేర్లను, రెండోది 2, 4, 6 గేర్లను చూసుకుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంత హాయిగా నడిచేది ఇంకోటి లేదు, గేరు మారింది కూడా తెలియదు. కానీ లోపల ఉన్నది నిజమైన క్లచ్ ప్లేట్లే. పంజాగుట్టలో మీరు బ్రేకు మీద కాలు సగం సగం తీస్తూ అడుగు అడుగున జరుగుతుంటే లోపల కంప్యూటర్ మీ బదులు హాఫ్ క్లచ్ వేస్తూనే ఉంటుంది. మాన్యువల్ కారులో అలా చేస్తే పక్కనున్నవాళ్లు తిడతారు, ఇక్కడ తిట్టేవాళ్లు లేరు, అంతే తేడా. ప్లేట్లు వేడెక్కుతాయి, బండి కదిలేటప్పుడు చిన్నగా వణుకుతుంది, మరీ వేడెక్కితే డ్యాష్‌బోర్డు మీద ఆపమని హెచ్చరిక వస్తుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో, ఫ్లైఓవర్ ఎక్కే చోట జామైతే దీనికి అంతకు మించిన పరీక్ష ఉండదు. హెక్టర్ పెట్రోల్ మొదట్లో ఆరు గేర్ల డీసీటీతోనే వచ్చింది. 2021లో కింద చెప్పబోయే సీవీటీ తెచ్చారు, ఆ తర్వాత డీసీటీ తీసేశారు.

సీవీటీలో గేర్లే ఉండవు. సన్నబడుతూ లావవుతూ ఉండే రెండు కప్పీలు, వాటి మధ్య ఉక్కు బెల్టు. నిష్పత్తి ఎక్కడా ఆగకుండా మారుతుంది కాబట్టి కుదుపు అన్నదే లేదు. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పాకే ఊరికి ఇది చాలా సుఖం. గట్టిగా తొక్కితే మాత్రం ముందు ఇంజిన్ అరుస్తుంది, తర్వాత కారు కదులుతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి కంగారుపడతారు, అది లోపం కాదు, దాని తీరు అంతే. దీని ప్రాణమంతా నూనెలో ఉంది. బెల్టుకూ కప్పీకీ మధ్య పట్టు నిలవాలన్నా, రాపిడి లేకుండా ఉండాలన్నా, వేడి బయటకు పోవాలన్నా ఆ ఒక్క నూనే చేయాలి. నూనె సంగతి వదిలేస్తే బెల్టు జారుతుంది, కప్పీ మీద గీత పడుతుంది, అక్కడితో బాగు చేయడం ఆగి మార్చడం మొదలవుతుంది. ఇప్పటి హెక్టర్ పెట్రోల్, ఆస్టర్ 1.5 పెట్రోల్ రెండింటిలోనూ ఆటోమేటిక్ అంటే సీవీటీయే.

టార్క్ కన్వర్టర్ పాతకాలపు పద్ధతి. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య పట్టు ప్లేట్లది కాదు, ద్రవానిది. పాకేటప్పుడు అరిగేది పెద్దగా ఏమీ ఉండదు, వేడి నూనెలోకి పోతుంది, కూలర్ చల్లబరుస్తుంది. మైలేజీ కొంచెం తగ్గుతుంది. మూడు పెట్రోల్, డీజిల్ పెట్టెల్లో మన ఊరికి, మన ఘాట్‌లకు నాకు నమ్మకం ఎక్కువ దీని మీదే. చిక్కేమిటంటే ఇది దొరికేది తక్కువ మోడళ్లలోనే. ఆస్టర్ 1.3 టర్బోలో ఆరు గేర్లది, డీజిల్ గ్లోస్టర్‌లో ఎనిమిది గేర్లది వచ్చాయి. డీజిల్ హెక్టర్‌కు మాత్రం ఆటోమేటిక్ ఎప్పుడూ ఇవ్వలేదు. ఎవరైనా డీజిల్ హెక్టర్ ఆటోమేటిక్ అమ్ముతానంటే ముందు ఆర్సీ చూడండి.

నాలుగోది ఎలక్ట్రిక్ కారులో ఉండే ఒక్క గేరు పెట్టె. మోటారు వేగాన్ని తగ్గించి చక్రాలకు ఇచ్చే కొన్ని పళ్ల చక్రాలు, కాస్త గేర్ ఆయిల్. మారేది లేదు, జారేది లేదు, వేడెక్కే క్లచ్ లేదు. బీవైడీ అటో 3 అయినా, ఎంజీ కామెట్ అయినా ఈ విషయంలో ఒకటే. పై మూడింటి గురించి చెప్పిన భయాల్లో చాలా భాగం ఇక్కడ లేనే లేవు. కాబట్టి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అంటే గుండె దడ ఉన్నవాళ్లకు నా మొదటి సలహా, ఇంటి దగ్గర ఛార్జింగ్ దొరికితే పెట్రోల్ ఆటోమేటిక్ వైపు చూడకండి అని. "దొరికితే" అన్న మాట చాలా పెద్దది, దాని సంగతి కింద చెబుతాను.

ఎవరికి ఏది

రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సొంత పార్కింగ్ ఉన్నవాళ్లకు విండ్సర్‌ను మించిన బేరం ఈ గుంపులో నాకు కనిపించలేదు. 38 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, అంటే కరెంటు బిల్లు భాషలో 38 యూనిట్లు. కంపెనీ చెప్పే 332 కిలోమీటర్లను నమ్ముకోకండి. ఏసీ వేసుకుని మన ట్రాఫిక్‌లో 240, 250 లెక్క పెట్టుకుంటే ఎప్పుడూ మోసపోరు. వెనక సీటు నిజంగా సోఫాలా ఉంటుంది, అమ్మానాన్నలను ఎక్కించుకునే ఇంటికి అది పెద్ద సుఖం. 2025లో వచ్చిన ప్రో మోడల్‌లో 52.9 యూనిట్ల బ్యాటరీ ఉంది.

విజయవాడ వైపు సొంతూరు ఉన్నవాళ్లు ఈ రెండో బ్యాటరీ గురించి ఆలోచించాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్ల దాకా ఉంటుంది. హైవే మీద వంద దాటించి తోలితే ఎలక్ట్రిక్ కారు ఊళ్లోకంటే ఎక్కువ కరెంటు తాగుతుంది, పెట్రోల్ కారుకు సరిగ్గా తిరగేసి. 38 యూనిట్ల విండ్సర్ సూర్యాపేటలో దాదాపు గంట ఆగాల్సిందే. మామూలు రోజుల్లో అది టిఫిన్ టైమే. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్ దగ్గర బండ్లు బారులు తీరినప్పుడు ఛార్జర్ దగ్గర కూడా అదే వరస ఉంటుంది, అప్పుడు పిల్లలతో ఓపిక పట్టగలరా అన్నది మీ ఇంటి సంగతి.

60.48 యూనిట్ల అటో 3 ఆ దూరాన్ని ఆగకుండా దాటిస్తుంది. తోలడానికి మూడు రెట్లు సరదా. 204 హెచ్‌పీ పికప్ అంటే మాటలు కాదు. బీవైడీ బ్లేడ్ బ్యాటరీలో ఐరన్ ఫాస్ఫేట్ కెమిస్ట్రీ వాడతారు, అది వేడికి తట్టుకునే రకం, మన ఎండలకు అది అసలైన గుణం. విండ్సర్‌లోనూ అదే రకం కణాలు. కానీ అటో 3కి పాతిక లక్షల దగ్గర మొదలవుతుంది, ఈ పెద్ద బ్యాటరీది ఇంకా పైన. పైగా కింద ఖాళీ 175 మిల్లీమీటర్లే. నిండా మనుషులతో మన కాలనీ స్పీడ్ బ్రేకర్లు దాటేటప్పుడు ఆ తేడా చెవికి వినిపిస్తుంది. విండ్సర్‌కు 186. ఆరేడుగురు ఎక్కాలంటే బీవైడీలో ఈమ్యాక్స్ 7 ఉంది. సీల్, సీలయన్ 7 మనసు పడి కొనే కార్లు, వాటికి సలహా ఎవరూ అడగరు.

కామెట్ గురించి ఒక్క మాట. మూడు మీటర్ల లోపు పొడవు, రెండు తలుపులు, 17.3 యూనిట్లు. ఇంట్లో రెండో కారుగా, అమీర్‌పేట సందుల్లో, పిల్లల స్కూలుకు అద్భుతం. ఒకే కారుగా వద్దు.

ఛార్జింగ్ సౌకర్యం లేనివాళ్లు, నెలకు రెండు మూడు సార్లు దూరాలు వెళ్లేవాళ్లు పెట్రోల్ వైపే వెళ్లాలి. అప్పుడు హెక్టర్ సీవీటీనా, ఆస్టర్ సీవీటీనా? షోరూమ్‌లో నిలబడితే అందరూ హెక్టర్ వైపు మొగ్గుతారు, ఎందుకంటే అది మనిషి ఎత్తున నిలబడి ఉంటుంది. నేను ఆస్టర్ అంటాను, నలుగురే ఉన్న ఇంటికైతే. హెక్టర్ టర్బో ఇంజిన్ 250 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పే బలంతో, అంత బరువును సీవీటీ బెల్టు ద్వారా లాగుతుంది. ఆస్టర్ 1.5 మామూలు ఇంజిన్ టార్క్ 144 మాత్రమే, కారు కూడా తేలిక. బెల్టు మీద భారం తక్కువ కాబట్టి పెట్టె ఎక్కువ కాలం మన్నుతుందని నా అంచనా. పికప్‌లో సుఖం లేదన్నది నిజమే. ఏడుగురితో శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లకు ఆస్టర్ సరిపోదు, వాళ్లకు హెక్టర్ ప్లస్సే గతి.

డబ్బు లెక్క

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల పైచిలుకు. హెక్టర్ సీవీటీ ఊళ్లో ఎనిమిది, తొమ్మిది ఇస్తే గొప్ప, అంటే కిలోమీటరుకు పన్నెండు రూపాయల పైనే. విండ్సర్‌కు ఇంటి కరెంటు పై స్లాబులో పడినా, ఛార్జింగ్‌లో పోయే కరెంటు కలుపుకున్నా రెండు రూపాయల లోపే తేలుతుంది. బయట ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర మాత్రం దానికి రెట్టింపు. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఇది పన్నెండు వేల తేడా.

దీనికి మించింది రోడ్డు ట్యాక్స్. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. అదే ధర పెట్రోల్ కారుకు ఆరో వంతు దాకా లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పదిహేను లక్షల కారు మీద రెండున్నర లక్షలు! జీఎస్టీ కూడా ఎలక్ట్రిక్‌కు 5 శాతమే. కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఆ గడువు లోపు రిజిస్ట్రేషన్ కూడా అయ్యేలా చూసుకోవాలి, బుకింగ్ చేసినంత మాత్రాన సరిపోదు.

బ్యాటరీ అద్దె పథకం గురించి చాలామంది అడుగుతున్నారు. కారు ధర 9.99 లక్షలే అని విండ్సర్ వచ్చినప్పుడు ప్రకటించారు, బ్యాటరీకి కిలోమీటరుకు 3.5 రూపాయలు వేరే. ఇది నిజానికి ఫైనాన్స్ కంపెనీతో చేసుకునే అప్పు ఒప్పందం. తిరిగినా తిరగకపోయినా నెలకు కనీసం ఇంత అని కట్టాల్సి ఉంటుంది. కరెంటు ఖర్చుతో కలిపితే ఐదున్నరకు దగ్గరగా వస్తుంది. కారును చాలా ఏళ్లు ఉంచుకునేవాళ్లు బ్యాటరీతో కలిపి కొనుక్కోవడమే మేలు. మొదటి ఓనరుకు బ్యాటరీ మీద జీవితకాలం వారంటీ ఇస్తున్నారు, అది కారు అమ్మగానే రెండో ఓనరుకు ఎనిమిదేళ్లకు, లక్షా అరవై వేల కిలోమీటర్లకు తగ్గిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక ఛార్జింగ్. అసోసియేషన్ పర్మిషన్ ఇస్తుందా, మీ మీటర్ నుంచి మీ పార్కింగ్ దాకా కేబుల్ లాగొచ్చా, మీ మీటర్‌కు మంజూరైన శాంక్షన్ లోడ్ సరిపోతుందా, ఈ మూడూ కారు అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి. పదిహేను ఆంపియర్ల సాకెట్‌తో కూడా విండ్సర్ ఒక రాత్రిలో చాలా వరకు నిండుతుంది. కానీ ఆ సాకెట్ ఏసీకి వాడే పాత వైరింగ్ మీద ఉండకూడదు. వేరే వైరు, వేరే ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. లిఫ్టు పక్కన ఉన్న వాచ్‌మన్ సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి ఛార్జ్ చేసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, రాత్రంతా పూర్తి కరెంటు లాగే బండి అది, బోర్డు కరిగిపోతుంది.

విప్పేవాళ్లు ఎవరు

రాణిగంజ్‌లో మారుతీ, హ్యుందాయ్ గేర్‌బాక్స్ సామాన్లు ఒక గంటలో దొరుకుతాయి. ఎంజీ సీవీటీ సామాను అడిగితే ఒక షాపాయన నాతో అన్న మాట ఇది: "అన్నా, బ్రేక్ ప్యాడ్లు ఇస్త, ఫిల్టర్లు ఇస్త, బంపర్ గూడ తెప్పిస్త. గేర్‌బాక్స్ మాత్రం కంపెనీకే వోవాలె. గది మనోళ్లు ఎవ్వలు ఇప్పరు." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అరిగే వస్తువులకు ఎంజీతో ఇబ్బంది లేదు, కార్లు ఇక్కడే తయారవుతున్నాయి, రోడ్ల మీద బోలెడు ఉన్నాయి. కానీ గేర్‌బాక్స్ లోపలి భాగాలు, దాన్ని నడిపే కంప్యూటర్, వాల్వ్ బాడీ లాంటివి వచ్చేసరికి సర్వీస్ సెంటర్ చెప్పేది "పెట్టె మొత్తం మార్చాలి" అని. ఆ అంకె లక్షల్లో ఉంటుంది.

అందువల్ల చైనా పెట్రోల్ ఆటోమేటిక్ కొంటే పొడిగించిన వారంటీ తీసుకోండి. వేరే కంపెనీ కార్లకు నేను ఇది ఖచ్చితంగా చెప్పను, వీటికి చెబుతాను. కాగితం మీద గేర్‌బాక్స్ లోపలి భాగాలు, కంట్రోల్ యూనిట్ పేర్లు ఉన్నాయో లేదో చదివాకే సంతకం పెట్టండి.

బీవైడీ సంగతి కొంచెం వేరు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం పొరుగు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది, రెండు నెలలకే గల్వాన్ ఘర్షణ జరిగింది. హాలోల్ లాగే పూనా దగ్గర తలేగావ్‌లో ఉన్న జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీని కొనబోయిన చైనా కంపెనీ గ్రేట్ వాల్ 2022లో వెనక్కి వెళ్లిపోయింది. 2023లో బీవైడీ, మన మేఘా ఇంజనీరింగ్ కలిసి బిలియన్ డాలర్లతో ఇక్కడ కార్లు చేస్తామంటే ఢిల్లీ ఒప్పుకోలేదు. ఫలితం ఏమిటంటే బీవైడీ కార్లు దిగుమతి మీదే నడుస్తున్నాయి, రోడ్డు మీద సంఖ్య తక్కువ, బంపర్ పగిలినా అద్దం పగిలినా ఎదురుచూపు ఎక్కువ. 2025 ఏప్రిల్‌లో మోటార్లకు వాడే అయస్కాంతాల ఎగుమతి మీద చైనా ఆంక్షలు పెట్టినప్పుడు ఒక్క చైనా కంపెనీలే కాదు, మన దేశంలో అందరూ ఇబ్బంది పడ్డారు. కారు మంచిదా కాదా అన్న ప్రశ్న వేరు, దాని సామాను సరిహద్దు దాటి ఎన్నాళ్లకు వస్తుందన్నది వేరు. నాకు అటో 3 చాలా ఇష్టం, అయినా ఇంట్లో ఉన్న ఒకే ఒక కారుగా దాన్ని కొనమని చెప్పడానికి వెనకాడతాను. రెండో బండి ఉన్న ఇంటికి నిశ్చింతగా చెబుతాను.

నూనె, వాన, ర్యాంపు

సీవీటీ గానీ, టార్క్ కన్వర్టర్ గానీ ఉన్నవాళ్లు సర్వీస్ సెంటర్‌లో "జీవితాంతం మార్చక్కర్లేదు" అన్న మాట వింటే నవ్వి ఊరుకోండి, నమ్మకండి. యూజర్ మాన్యువల్‌లో కఠిన వాడకం అన్న పట్టిక ఉంటుంది. వేడి, ట్రాఫిక్, దుమ్ము, తక్కువ దూరాలు అందులోకే వస్తాయి, అంటే అది మన హైదరాబాద్. నా లెక్క నలభై, యాభై వేల కిలోమీటర్లకు ఒకసారి. ఆ కారుకు చెప్పిన నూనే పోయాలి, సీల్ మీ ముందే తీయాలి. టార్క్ కన్వర్టర్‌కు పోసే ఎర్ర ఏటీఎఫ్ నూనె సీవీటీలో పోస్తే బెల్టు జారుతుంది. "అన్ని ఆటోమేటిక్‌లకూ ఒకటే ఆయిల్ సార్" అనే షెడ్డు నుంచి తాళం తీసుకుని వచ్చేయండి.

మార్చేటప్పుడు లిఫ్టు కింద మీరూ నిలబడండి. కింద బోల్టు విప్పగానే దిగే పాత నూనెను ఒక తెల్ల కాగితం మీద చుక్క వేయించండి, పక్కనే కొత్త నూనె చుక్క. రంగు కొంచెం ముదిరితే పర్వాలేదు. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే లోపల వేడి పెరిగిందని అర్థం. తర్వాత పాన్ లోపల ఉండే చిన్న అయస్కాంతం చూడండి. దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉండటం మామూలే, వేలితో రుద్దితే పోతుంది. వేలికి గరుగ్గా తగిలినా, మెరిసే రేకులు కనిపించినా కొత్త నూనె పోయించి ఇంటికి వెళ్లిపోకండి, ఫొటో తీసి వారంటీ ఉండగానే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. మళ్లీ నింపేటప్పుడు నూనె మట్టం ఒక నిర్ణీత ఉష్ణోగ్రతలోనే చూడాలి, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టకుండా అందాజుగా పోసేవాడికి ఈ పని ఇవ్వకండి.

ఎలక్ట్రిక్ కార్లలో పని తక్కువే గానీ అసలు లేదనుకోవద్దు. కూలెంట్, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్, ఏసీ ఫిల్టర్, మాన్యువల్ చెప్పిన దూరానికి గేర్ ఆయిల్. టైర్లు త్వరగా అరుగుతాయి, ప్రతి పది వేల కిలోమీటర్లకు ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్పించాలి. చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా కారు తలుపు కూడా సరిగా తెరుచుకోదు, మూడేళ్లు దాటాక దాన్ని పరీక్ష చేయించుకుంటూ ఉండండి. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని వారానికి ఒకసారైనా నూటికి నూరు ఛార్జ్ చేస్తే మీటరు చూపించే అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది.

తోలే అలవాట్లలో అన్నిటికంటే ముఖ్యమైనది సెల్లార్ ర్యాంపు మీద పార్కింగ్. చాలామంది బ్రేకు తొక్కి, గేరు లివరును నేరుగా పీలో (పార్కింగ్) వేసి, హ్యాండ్ బ్రేకు సంగతి తర్వాత చూస్తారు. అప్పుడు కారు బరువంతా గేర్‌బాక్స్ లోపల వేలెడంత ఇనుప కొక్కెం మీద పడుతుంది. పొద్దున పీ నుంచి తీసేటప్పుడు "టక్"మని వినిపించే చప్పుడు దానిదే. బ్రేకు తొక్కండి, న్యూట్రల్‌లో పెట్టండి, హ్యాండ్ బ్రేకు వేయండి, కాలు తీసి కారు హ్యాండ్ బ్రేకు మీద నిలబడనివ్వండి, ఆ తర్వాత పీ. యూటర్న్ తీసుకునేటప్పుడు బండి పూర్తిగా ఆగకుండా డీ (ముందుకు) నుంచి ఆర్‌కు (రివర్స్) మార్చకండి. దిండి, మన్ననూరు వైపు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలకండి, సీవీటీలో మాన్యువల్ మోడ్ పెట్టి ఇంజిన్‌తో పట్టి దించండి. ఎలక్ట్రిక్ కారైతే కొండ పైన ఫుల్ ఛార్జ్ చేసి దిగితే రీజెన్ బ్రేకింగ్ (మోటారే బండిని నెమ్మదింపజేస్తూ కరెంటును బ్యాటరీకి పంపడం) దాదాపు పనిచేయదు, నిండిన బ్యాటరీలోకి కరెంటు ఎక్కడ పోతుంది? పది శాతం ఖాళీ ఉంచుకుని దిగండి.

డీసీటీ ఇప్పటికే ఉన్నవాళ్లకు ఒక్కటే: ముందు బండికీ మీకూ మధ్య రెండు కార్ల దూరం ఖాళీ అయ్యేదాకా ఆగి, ఒకేసారి జరగండి. వెనకవాడు హారన్ కొట్టినా సరే. ఫ్లైఓవర్ ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకుతో ఆపండి.

సెకండ్ హ్యాండ్‌లో

2019, 2020 నాటి హెక్టర్ డీసీటీలు ఇప్పుడు ఆకర్షణీయమైన ధరకు దొరుకుతున్నాయి. అప్పట్లో ఐదేళ్ల వారంటీ ఇచ్చారు, అది అయిపోయింది. ఊళ్లో అరవై వేలు తిరిగిన డీసీటీని వారంటీ లేకుండా కొనమని నేను ఎవరికీ చెప్పను, ఎంత తక్కువకు వచ్చినా. అదే డబ్బుకు ఆస్టర్ 1.3 టర్బో ఆటోమేటిక్ దొరికితే తీసుకోండి. సీవీటీ హెక్టరైతే సర్వీస్ రికార్డులో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన ఎంట్రీ ఉందేమో వెతకండి.

చూడటానికి వెళ్లినప్పుడు బండి చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెడితే మర్నాడు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజిన్‌తో బ్రేకు మీద కాలు ఉంచి పీ, ఆర్, ఎన్, డీ నెమ్మదిగా మార్చండి, ఒక్కోదానికీ సెకను లోపు పట్టు రావాలి, దెబ్బ కొట్టినట్టు రాకూడదు. తర్వాత ట్రాఫిక్‌లో అరగంట తిప్పి, వేడెక్కాక ఏదో ఒక ఫ్లైఓవర్ ఎక్కుడులో ఆపి మళ్లీ కదపండి. వణుకు గానీ, ఇంజిన్ పరుగెత్తి కారు ఆలస్యంగా కదలడం గానీ ఉంటే బేరం ఆపేయండి. స్కానర్ పెట్టి గేర్‌బాక్స్ లోపాల కోడ్‌లు చదివించండి. వాళ్లు ఒప్పుకోకపోతే అదే సమాధానం.

ఇంకొకటి, వాన. 2020 అక్టోబర్ 13 రాత్రి నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో మనకు తెలుసు, ఆ తర్వాత కూడా ఏటా ఎక్కడో ఒకచోట మునుగుతూనే ఉన్నాయి. గేర్‌బాక్స్‌కు ఊపిరి తీసుకునే చిన్న గొట్టం ఉంటుంది, అందులోంచి నీళ్లు పోతే నూనె పాలు కలిపిన టీ రంగులోకి మారుతుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద గీత అక్కడ దాక్కుంటుంది. మీ సొంత కారే మునిగితే, పెట్రోలుదైనా ఎలక్ట్రిక్‌దైనా, నీళ్లు తగ్గాక బటన్ నొక్కి చూద్దామని అనిపిస్తుంది. నొక్కకండి. బీమా కంపెనీకి ఫోన్ చేసి, నాలుగు చక్రాలూ పైకి ఎక్కించే ఫ్లాట్‌బెడ్ బండినే పంపమని గట్టిగా అడగండి. చక్రాలు నేల మీద దొర్లేలా తాడుకట్టి లాగితే ఇంజిన్ ఆగి ఉన్న ఆటోమేటిక్‌లో నూనె పంపు తిరగదు, లోపలి భాగాలు పొడిగా రాసుకుంటాయి. ఎలక్ట్రిక్ కారులోనైతే మోటారు తిరిగి కరెంటు పుట్టించి పరికరాలను పాడుచేస్తుంది. కాలనీ కుర్రాళ్లు సాయానికి తాడు పట్టుకుని వస్తారు, వాళ్లకు థాంక్స్ చెప్పి, ఫ్లాట్‌బెడ్ వచ్చేదాకా బండిని అక్కడే ఉంచండి.